ఐదు తూటాల తుపాకీ: జాన్ బ్రౌనింగ్ కథ

మన హాస్టల్స్‌లో బీజీఎంఐ ఆడని వాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ గేమ్‌లో ఎస్1897 అని ఒక షాట్‌గన్, పీ1911 అని ఒక పిస్టల్ ఉంటాయి కదా. ఆ అంకెలు గేమ్ వాళ్లు ఊరికే పెట్టినవి కావు. 1897లో ఒక షాట్‌గన్, 1911లో ఒక పిస్టల్ నిజంగానే వచ్చాయి. రెండిటినీ డిజైన్ చేసింది ఒకే మనిషి. పేరు జాన్ మోజెస్ బ్రౌనింగ్. కాలేజీ మెట్లెక్కలేదు, ఇంజినీరింగ్ డ్రాయింగ్ నేర్చుకోలేదు. అయినా అతని పేరు మీద 128 అమెరికా పేటెంట్లున్నాయి.

ఆ 128లో నాకు బాగా నచ్చింది గేముల్లో కనిపించేది కాదు. పక్షుల వేటకి చేసిన ఒక సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్. దాని పేరు ఆటో-5. ఆ ఒక్క డిజైన్ కోసం బ్రౌనింగ్ పంతొమ్మిదేళ్లుగా తన డిజైన్లన్నీ కొంటున్న కంపెనీని వదిలేసి, సముద్రం దాటి వేరే దేశం వెళ్లాడు. తుపాకుల మీద ఇష్టం లేనివాళ్లు కూడా ఈ కథ చదవొచ్చు. ఎందుకంటే ఇది మనం చేసిన పని మీద మనకి హక్కు ఎంత, బాధ్యత ఎంత అనే విషయం. రేపు మనందరికీ ఎదురయ్యేదే.

నాన్న కొట్టు

1855 జనవరి 23న అమెరికాలోని యూటా ప్రాంతంలో, ఆగ్డెన్ అనే ఊళ్లో పుట్టాడు జాన్. తండ్రి జొనాథన్ బ్రౌనింగ్ తుపాకులు చేసేవాడు, బాగుచేసేవాడు. మార్మన్ మతం తీసుకున్న కుటుంబం. ఆ మతం వాళ్లని ఇల్లినాయిస్ నుంచి తరిమేశాక పడమరకి వలస వచ్చి, 1852లో యూటా చేరారు. జొనాథన్‌కి ముగ్గురు భార్యలు, మొత్తం 22 మంది పిల్లలు. అంత పెద్ద సంసారం ఆ చిన్న కొట్టు మీదే నడిచేది.

మన ఊళ్లలో కమ్మరి కొలిమి దగ్గర పెరిగిన పిల్లాడికి ఇనుము ఎప్పుడు ఎర్రబడుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. జాన్ కూడా అంతే. విరిగిన తుపాకుల ముక్కలే అతని ఆటవస్తువులు. పదేళ్ల వయసులోనే కొట్టులో పడేసిన పాత సామాను ఏరుకుని సొంతంగా ఒక తుపాకీ చేసుకున్నాడు. తమ్ముడు మాట్‌ని వెంటేసుకుని వేటకి పోవడం అప్పుడే మొదలైంది. ఈ అన్నదమ్ముల జోడీ చివరిదాకా విడిపోలేదు. జాన్ తయారుచేసేవాడు, మాట్ లెక్కలు, వ్యాపారం చూసుకునేవాడు. ఇప్పటి స్టార్టప్ భాషలో ఒకడు టెక్, ఇంకొకడు బిజినెస్ అన్నమాట.

పదిహేనేళ్లు వచ్చేసరికి బడి చదువు అయిపోయింది. జాన్ పద్ధతి వేరే. ముందు కాగితం మీద గీయడం, తర్వాత చేయడం కాదు. మొత్తం యంత్రాన్ని బుర్రలో తిప్పి చూసుకుని, చిత్తుకాగితం మీద రెండు గీతలు గీసి, నేరుగా ఇనుము మీద ఆకురాయి పెట్టేవాడు.

8,000 డాలర్లు

1879 అతని జీవితంలో బరువైన ఏడాది. ఏప్రిల్‌లో రేచెల్‌తో పెళ్లి అయింది. జూన్‌లో తండ్రి పోయాడు. అక్టోబరులో మొదటి పేటెంట్ వచ్చింది. అది ఒక్కో తూటా పెట్టి కాల్చుకునే రైఫిల్. అన్నదమ్ములు కలిసి ఆగ్డెన్‌లోనే చిన్న ఫ్యాక్టరీ పెట్టి వాటిని చేతులతో తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు.

ఆ రైఫిల్ ఒకటి తిరిగి తిరిగి విన్‌చెస్టర్ కంపెనీ కంట పడింది. అప్పటి అమెరికాలో తుపాకులంటే విన్‌చెస్టరే. ఆ కంపెనీ పెద్ద టి.జి. బెన్నెట్ 1883లో తూర్పు తీరం నుంచి రైలెక్కి అంత దూరంలో ఉన్న ఆగ్డెన్ దాకా వచ్చాడు. 8,000 డాలర్లిచ్చి ఆ రైఫిల్ హక్కులు మొత్తం కొనేశాడు.

అక్కడి నుంచి పంతొమ్మిదేళ్లు ఒకటే పద్ధతి. జాన్ కొత్త డిజైన్ చేస్తాడు, విన్‌చెస్టర్ ఏకమొత్తంగా డబ్బిచ్చి కొనేస్తుంది. అలా కొన్నవి నలభైకి పైనే. కొన్ని మార్కెట్లోకి వచ్చాయి: 1886, 1892, 1894 రైఫిళ్లు, 1887 లీవర్ షాట్‌గన్, 1893 పంప్ షాట్‌గన్, దాన్నే గట్టిపరిచిన 1897 మోడల్. చాలా డిజైన్లు మాత్రం బయటికే రాలేదు. కొని బీరువాలో పెట్టారు. ఎందుకు? ఇంకో కంపెనీ చేతికి వెళ్లకూడదని.

ఇక్కడ నేను కాసేపు ఆగాను. నేను రాసిన ప్రోగ్రామ్‌కి ఎవరైనా డబ్బిచ్చి, తర్వాత దాన్ని ఎప్పుడూ రన్ చేయకపోతే నాకెలా ఉంటుంది? బ్యాంక్ అకౌంట్ పరంగా నష్టం లేదు. కానీ ఏదో వెలితి. బ్రౌనింగ్ అన్నేళ్లూ ఆ వెలితితోనే పనిచేశాడు. మధ్యలో 1887 నుంచి రెండేళ్లు మత ప్రచారకుడిగా జార్జియా రాష్ట్రానికి వెళ్లాడు. తిరిగొచ్చాక మళ్లీ అదే కొట్టు, అదే పని.

వృథాగా పోయే దెబ్బ

1889 ప్రాంతంలో ఒకరోజు కాల్పుల పోటీలో బ్రౌనింగ్ ఒకటి గమనించాడు. తుపాకీ పేలిన ప్రతిసారీ గొట్టం మూతి దగ్గర గడ్డి పక్కకి వంగుతోంది. అందరూ రోజూ చూసేదే. కానీ ఆ గడ్డిని వంచే బలం ఊరికే పోతోందని అతనికి తట్టింది. ఆ బలంతోనే తర్వాతి తూటా ఎక్కించవచ్చు కదా! అక్కడి నుంచే ఆటోమేటిక్ ఆయుధాల మీద అతని ప్రయోగాలు మొదలయ్యాయి.

షాట్‌గన్ దగ్గరికి వచ్చేసరికి అతను ఇంకో వృథా బలాన్ని పట్టుకున్నాడు. షాట్‌గన్ అంటే రైఫిల్‌లా ఒకే గుండు కాదు. ఒక్కో తూటాలో చిన్న చిన్న సీసపు గుళ్లు బోలెడు ఉంటాయి. పేలగానే అవి గుంపుగా పరుచుకుంటూ వెళ్తాయి. ఎగిరే పక్షిని కొట్టాలంటే ఇదే కావాలి. కానీ అది కాల్చినవాడి భుజాన్ని కూడా గట్టిగా తన్నుతుంది. న్యూటన్ మూడో సూత్రం, ఇంటర్‌లో అందరం బట్టీ పట్టిందే. ఆ తన్నుతోనే యంత్రాన్ని నడిపిస్తే?

బ్రౌనింగ్ చేసింది ఇలా పనిచేస్తుంది. గొట్టం, దాని వెనక తలుపులా ఉండే బోల్ట్, రెండూ కొక్కెం పడి ఉంటాయి. తూటా పేలగానే రెండూ కలిసే వెనక్కి జరుగుతాయి, ఒక తూటా పొడవు కంటే ఎక్కువ దూరం. గుళ్లన్నీ బయటికి పోయి లోపలి ఒత్తిడి తగ్గేదాకా తలుపు తెరుచుకోదు కాబట్టి ప్రమాదం లేదు. చివరికంటా వెళ్లాక బోల్ట్ అక్కడే ఆగిపోతుంది. గొట్టం మాత్రం తన స్ప్రింగ్ బలంతో ముందుకి వచ్చేస్తుంది. ఖాళీ తూటాని బోల్ట్ పట్టుకునే ఉంటుంది కాబట్టి అది గొట్టంలోంచి ఊడి పక్కకి ఎగిరిపోతుంది. కింది నుంచి కొత్త తూటా పైకి లేస్తుంది. బోల్ట్ ముందుకొచ్చి దాన్ని లోపలికి తోసి తలుపు వేసేస్తుంది. ఇదంతా రెప్పపాటులో. మళ్లీ పేలాలంటే ట్రిగ్గర్ మళ్లీ నొక్కాలి. అందుకే దీన్ని సెమీ ఆటోమేటిక్ అంటారు. ఎక్కించే పని యంత్రానిది, కాల్చాలా వద్దా అన్న నిర్ణయం మనిషిది.

కింది గొట్టంలో నాలుగు తూటాలు, పైన ఒకటి, మొత్తం ఐదు. ఆటో-5 అనే పేరు అందుకే వచ్చింది. బోల్ట్ వెనక్కి జరగడానికి చోటు కావాలి కాబట్టి తుపాకీ వెనక భాగం గూనిలా పైకి లేచి ఉంటుంది. చూడ్డానికి అందంగా ఉండదు. కానీ ఒకసారి చూస్తే మర్చిపోలేం.

అసలు చిక్కుముడి మాత్రం వేరే ఉంది. అప్పట్లో పొగలేని కొత్త మందు వస్తోంది, పాత నల్లమందూ పోలేదు. వేటగాళ్లు చాలామంది తూటాలు ఇంట్లోనే నింపుకునేవాళ్లు. ఒకడు పిట్టలకి తేలిక తూటా వాడతాడు, ఇంకొకడు బాతులకి బరువు తూటా వాడతాడు. తేలిక తూటా తన్ను సరిపోక యంత్రం సగంలో ఆగిపోవచ్చు. బరువు తూటా తన్ను ఎక్కువై లోపలి భాగాలు గుద్దుకుని చెక్క పగిలిపోవచ్చు. ఒకే యంత్రం, ఇన్‌పుట్ మాత్రం ఏదొస్తుందో తెలియదు. మనకి బాగా పరిచయమైన ప్రాబ్లమే.

అతని పరిష్కారం నాకు భలే నచ్చింది. తూటాల గొట్టం చుట్టూ స్ప్రింగ్ ఉంటుంది. దానికి తోడు బ్రేకులా పట్టుకునే కంచు ముక్క ఒకటి, ఒక ఉక్కు రింగు పెట్టాడు. బరువు తూటాలు వాడేటప్పుడు రింగుని స్ప్రింగ్‌కీ కంచు ముక్కకీ మధ్యలో పెట్టాలి. అప్పుడు రాపిడి పెరిగి గొట్టం వేగం తగ్గుతుంది. తేలిక తూటాలకైతే రింగు తీసి స్ప్రింగ్ వెనక వైపు పెట్టాలి. అప్పుడు రాపిడి తగ్గుతుంది. అంతే. ఒక రింగు, రెండు చోట్లు. వాడేవాడు ఏం వాడతాడో తయారుచేసినవాడు ఊహించలేడు కాబట్టి, ఆ సెట్టింగ్ వాడేవాడి చేతికే ఇచ్చాడు.

1902: తలుపు మూసిన రోజు

1898లో నమూనా తయారైంది. 1900 అక్టోబరు 9న పేటెంట్ వచ్చింది. అలవాటు ప్రకారం డిజైన్ విన్‌చెస్టర్ దగ్గరికే వెళ్లింది. కానీ బెన్నెట్ అవుననడు, కాదనడు. నెలలు ఏళ్లయ్యాయి. ఈసారి బ్రౌనింగ్ అడిగిందే వేరు. ఏకమొత్తం వద్దు, అమ్మిన ప్రతి తుపాకీ మీద రాయల్టీ కావాలన్నాడు.

ఎందుకంత పట్టుదల? డబ్బు ఒక కారణమే. కానీ రాయల్టీలో ఇంకో మెలిక ఉంది. ఏకమొత్తం తీసుకుంటే కంపెనీ దాన్ని బీరువాలో పెట్టినా మనం అడగలేం. రాయల్టీ అయితే అది మార్కెట్లోకి రావాల్సిందే. అమ్ముడైతే మనకీ లాభం, పోతే మనకీ నష్టం. తన డిజైన్ మంచిదని గట్టి నమ్మకం ఉన్నవాడే అలా అడగగలడు. రాయల్టీ ఇచ్చే పద్ధతి విన్‌చెస్టర్‌కి లేదు. బెన్నెట్ కాదన్నాడు. 1902 మొదట్లో పంతొమ్మిదేళ్ల బంధం ఒక్క సమావేశంతో తెగిపోయింది. 

బ్రౌనింగ్ అక్కడి నుంచి రెమింగ్టన్ కంపెనీ దగ్గరికి వెళ్లాడు. 1902 జనవరి 8న ఆ కంపెనీ అధ్యక్షుడు మార్సెలస్ హార్ట్‌లీని కలవడానికి ఆఫీసులో కూర్చుని ఉన్నాడు. అదే రోజు హార్ట్‌లీ గుండె ఆగి చనిపోయాడు. సినిమాలో పెడితే మనమే నమ్మం. చేతిలో డిజైన్ ఉంది, అమెరికాలోని రెండు పెద్ద తలుపులూ మూసుకున్నాయి. వయసు 47కి దగ్గరపడింది.

ఇక మిగిలింది బెల్జియం. లియేజ్ నగరం పక్కన హెర్‌స్టాల్‌లో ఎఫ్.ఎన్. అనే కంపెనీ ఉంది. 1889లో పెట్టారు. అప్పటికే బ్రౌనింగ్ డిజైన్ చేసిన పిస్టల్ ఒకటి తయారుచేస్తోంది. షాట్‌గన్ నమూనా పట్టుకుని ఓడెక్కాడు. 1902 మార్చిలో ఒప్పందం కుదిరింది. అంతటితో ఆగలేదు. 10,000 తుపాకులు తనే ఆర్డర్ ఇచ్చి అమెరికాలో అమ్మే బాధ్యత తీసుకున్నాడు. 1903లో తయారీ మొదలైంది. ఏడాది తిరిగేలోపు ఆ 10,000 అమ్ముడైపోయాయి.

దిగుమతి సుంకాల గొడవ వల్ల అమెరికాలో తయారుచేసుకునే హక్కు రెమింగ్టన్‌కి ఇచ్చారు. 1905 నుంచి వాళ్లూ అదే తుపాకీ అమ్మారు. మరి విన్‌చెస్టర్? వాళ్లకీ సెమీ ఆటోమేటిక్ కావాల్సొచ్చింది. కానీ బ్రౌనింగ్ పేటెంట్లు అడ్డం. ఆ పేటెంట్ కాగితాలు అంత పకడ్బందీగా రాయడంలో సాయపడింది విన్‌చెస్టర్ మనుషులే! చివరికి 1911లో ఒక మోడల్ తెచ్చారు. బోల్ట్‌ని చేత్తో వెనక్కి లాగే పిడి పేటెంట్‌లో ఉంది కాబట్టి వాళ్లు పెట్టలేకపోయారు. దాని బదులు గొట్టాన్నే పట్టుకుని వెనక్కి తోయాలి. ఆ రోజుల్లో తూటాలు అట్టతో చేసేవాళ్లు. తేమకి ఉబ్బి లోపల ఇరుక్కుంటే, కొందరు తుపాకీని నేలకి ఆనించి, మూతి దగ్గర పట్టుకుని బలంగా కిందికి తోసేవాళ్లు. ఆ మూతి వాళ్ల వైపే ఉండేది. ప్రమాదాలు జరిగాయి, ప్రాణాలు పోయాయి. డిజైన్‌లో ఒక చిన్న పిడి లేకపోతే ఎంత దూరం వెళ్తుందో చూడండి.

ఏది కొనాలి?

1910 ప్రాంతంలో అమెరికాలో ఒక వేటగాడు షాట్‌గన్ కొనడానికి కొట్టుకి వెళ్లాడనుకుందాం. ముందు మూడు రకాలుంటాయి. మొదటిది జోడు గొట్టాల తుపాకీ. తేలిక, నమ్మకమైనది, కానీ రెండు దెబ్బలే. రెండోది పంప్. ముందు చెక్కని చేత్తో లాగి తోస్తే తర్వాతి తూటా ఎక్కుతుంది. ఎలాంటి తూటా అయినా నడుస్తుంది, ఎందుకంటే నడిపేది చెయ్యి. మూడోది సెమీ ఆటోమేటిక్. చెయ్యి కదపక్కర్లేదు, చూపు పక్షి మీదే ఉంచొచ్చు. కానీ బరువు ఎక్కువ, భాగాలు ఎక్కువ, వాడే తూటాని బట్టి రింగు మార్చడం తెలియాలి.

అంటే అడగాల్సిన ప్రశ్న ఏది ఎక్కువ వేగంగా పేలుతుంది అన్నది కాదు. నేను ఏ పక్షిని, ఏ తూటాతో, ఎంత దూరం నడిచి వేటాడతాను? రోజంతా కొండలెక్కి తిరిగేవాడికి తేలిక తుపాకీ మేలు. ఒకేచోట కూర్చుని బాతుల కోసం ఎదురుచూసేవాడికి బరువు సమస్య కాదు, పైగా బరువైన తుపాకీ భుజాన్ని తక్కువ నొప్పిస్తుంది. బ్రౌనింగ్‌కి ఇవన్నీ తెలుసు. ఎందుకంటే అతనే వేటగాడు. తమ్ముడు మాట్‌తో, ఇంకో ఇద్దరు స్నేహితులతో కలిసి ఆగ్డెన్‌లో కాల్పుల పోటీ జట్టు కూడా ఉండేది. నలుగురి ఇంటిపేర్లూ బి అక్షరంతోనే మొదలవుతాయి కాబట్టి వాళ్లని నాలుగు బీలు అనేవాళ్లు. తను వాడే వస్తువునే తయారుచేసినవాడి పనితనం వేరేగా ఉంటుంది.

ఇప్పటి సెమీ ఆటోమేటిక్‌లు ఎక్కువగా రెండు రకాలు. పేలుడు వాయువుతో నడిచేవి ఒకటి, 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100 లాంటివి. భుజానికి మెత్తగా ఉంటాయి కానీ మసి పడుతుంది, తరచూ శుభ్రం చేయాలి. రెండోది ఇటలీ కంపెనీ బెనెల్లి తెచ్చిన జడత్వం పద్ధతి. తేలిక, మసి తక్కువ, కానీ తన్ను ఎక్కువ. పద్ధతులు మారినా బ్రౌనింగ్ ఎదుర్కొన్న ప్రశ్న మాత్రం అదే: తేలిక తూటాకీ, బరువు తూటాకీ ఒకే యంత్రం ఎలా నడవాలి?

పక్షుల వైపు నుంచి

ఈ కథని పక్షుల వైపు నుంచి కూడా చూడాలి. ఒకప్పుడు అమెరికా ఆకాశాన్ని కప్పేసేంతగా ఉన్న పాసెంజర్ పావురం జాతిలో చివరి పక్షి 1914లో సిన్సినాటి జూలో చనిపోయింది. ఆ పాపం ఆటో-5ది కాదు. అది రాకముందే అడవుల నరికివేత, మార్కెట్ కోసం చేసిన వేట ఆ జాతిని తుడిచిపెట్టేశాయి. కానీ ఐదు దెబ్బల తుపాకీ చూసి భయపడ్డవాళ్లలో అర్థం ఉంది. న్యూయార్క్ జూ డైరెక్టర్ విలియం హార్నడే 1913లో రాసిన పుస్తకంలో ఆటోమేటిక్, పంప్ తుపాకుల వేటని గట్టిగా వ్యతిరేకించాడు.

తర్వాత చట్టాలు వచ్చాయి. 1918లో వలస పక్షుల రక్షణ చట్టం వచ్చింది. 1935లో ఇంకో నియమం వచ్చింది: వలస పక్షుల వేటలో షాట్‌గన్‌లో మూడు తూటాలకి మించి ఉండకూడదు. దాంతో ఐదు తూటాల తుపాకీలో ఒక చెక్క ముక్క దూర్చి రెండు తూటాల చోటు మూసేయాల్సొచ్చింది. 1937లో మరో చట్టంతో తుపాకులు, తూటాల మీద పన్ను డబ్బు వన్యప్రాణుల సంరక్షణకి వెళ్లడం మొదలైంది. మన దేశంలోనైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటనే నేరం చేసింది. నన్నడిగితే అదే సరైనది. యంత్రానికి ఎంత వేగం ఉండాలో ఇంజినీరు చెప్పగలడు. ఎంత చాలు అన్నది మాత్రం సమాజం చెప్పాలి. ఆ చెక్క ముక్క చేసింది అదే.

యుద్ధం

వేట తుపాకుల దగ్గరే కథ ఆగిపోతే బాగుండేది. అదే హెర్‌స్టాల్ ఫ్యాక్టరీలో బ్రౌనింగ్ డిజైన్ చేసిన 1910 మోడల్ చిన్న పిస్టల్ తయారయ్యేది. 1914 జూన్ 28న సరాయెవోలో గావ్రిలో ప్రిన్సిప్ ఆ మోడల్ పిస్టల్‌తోనే ఆస్ట్రియా యువరాజుని కాల్చి చంపాడు. ఐదారు వారాలు తిరగకుండానే మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. జర్మన్ సైన్యం మొదట విరుచుకుపడ్డ నగరాల్లో ఒకటి ఏదనుకున్నారు? లియేజ్. బ్రౌనింగ్ షాట్‌గన్ పుట్టిన ఊరే.

1917లో అమెరికా యుద్ధంలోకి దిగింది. అప్పటికి బ్రౌనింగ్ దగ్గర మెషిన్ గన్, ఆటోమేటిక్ రైఫిల్ రెండూ సిద్ధంగా ఉన్నాయి. ప్రభుత్వ పరీక్షలో ఆ మెషిన్ గన్ 20,000 తూటాలు ఆగకుండా కాల్చింది. సైన్యానికి లక్షల్లో కావాలి. రాయల్టీ లెక్కన అడిగితే వచ్చే డబ్బుకి అంతుండదు. పదిహేనేళ్ల కింద రాయల్టీ కోసం విన్‌చెస్టర్‌నే వదిలేసిన మనిషి, ఈసారి ప్రభుత్వం ఇస్తానన్న 7,50,000 డాలర్ల ఏకమొత్తానికి బేరమాడకుండా ఒప్పుకున్నాడు. రాయల్టీగా వచ్చేదానితో పోలిస్తే అది చాలా తక్కువ. అతని కొడుకు వాల్ కూడా సైన్యంలో చేరి ఫ్రాన్స్‌లో ఆ ఆటోమేటిక్ రైఫిల్ వాడకం నేర్పాడు.

ఈ రెండు నిర్ణయాలూ పక్కపక్కన పెట్టి చూశాను. వేట తుపాకీకి హక్కు కోసం కొట్లాడాడు. యుద్ధపు తుపాకీకి ధర గురించి మాట్లాడలేదు. దేశభక్తి అని మెచ్చుకోవచ్చు. కానీ ఆ డిజైన్ల సంతతి వందేళ్లుగా ఎన్ని యుద్ధాల్లో వాడారో తలుచుకుంటే నాకు మెచ్చుకోవడం ఒక్కటే సరిపోదనిపిస్తుంది. గడ్డి వంగడం చూసి పుట్టిన ఒక ఆలోచన వేట తుపాకులకీ, మెషిన్ గన్‌కీ కూడా దారి చూపించింది. అతను ఒకదాన్ని ఆపి ఇంకోదాన్ని చేయలేడు. అయినా ఎవరి చేతికి, ఏ షరతు మీద ఇస్తున్నామన్నది చేసినవాడు ఆలోచించాల్సిన విషయమే.

చివరి బల్ల

1926 నవంబరు 26న బ్రౌనింగ్ హెర్‌స్టాల్ ఫ్యాక్టరీలోనే ఉన్నాడు. వయసు 71. పని మధ్యలో గుండె ఆగిపోయింది. కొడుకు వాల్ ఆఫీసులోనే ప్రాణం పోయింది. భౌతికకాయాన్ని ఆగ్డెన్‌కి తీసుకొచ్చి అక్కడే సమాధి చేశారు. అప్పుడు చేతిలో ఉన్న పిస్టల్ డిజైన్‌ని ఎఫ్.ఎన్. ఇంజినీర్లు పూర్తిచేశారు. అది 1935లో వచ్చింది. అదే డిజైన్ పిస్టల్‌ని తర్వాతి కాలంలో మన దేశంలోనూ, బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారుచేశారు.

అతను చేసిన చివరి షాట్‌గన్ పేరు సూపర్‌పోజ్డ్. ఒకదాని మీద ఒకటి ఉండే రెండు గొట్టాలు, రెండే దెబ్బలు. దాని మిగతా పని వాల్ పూర్తిచేశాడు. ఐదు దెబ్బల యంత్రంతో లోకాన్ని మార్చిన మనిషి చివరికి తయారుచేసిన వేట తుపాకీ రెండు దెబ్బలది. ఆటో-5 మాత్రం ఆగలేదు. రెండో ప్రపంచయుద్ధంలో బెల్జియం జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు అమెరికాలో రెమింగ్టన్ చేసింది, తర్వాత మళ్లీ బెల్జియం, ఆ తర్వాత జపాన్. 1998 దాకా, అంటే దాదాపు 95 ఏళ్లు తయారవుతూనే ఉంది. మనం రాసే కోడ్ ఐదేళ్లు బతికితే గొప్ప.

ఇంకో రెండేళ్లలో మనందరం ఏదో ఒక ఆఫర్ లెటర్ మీద సంతకం పెడతాం. అందులో ఒక పేరా ఉంటుంది: ఉద్యోగంలో ఉండగా నువ్వు చేసినదంతా కంపెనీదే అని. చాలామందిమి చదవకుండానే స్క్రోల్ చేసేస్తాం. సంతకం పెట్టొద్దని నేననడం లేదు, బ్రౌనింగ్ కూడా పంతొమ్మిదేళ్లు పెట్టాడు. ఆ పేరా మాత్రం ఒకసారి చదవండి. మీరు చేసిన వాటిలో ఏది ఏకమొత్తానికి ఇచ్చేయొచ్చు, దేని కోసం ఓడెక్కాలి, ఏది అసలు ఎవరికీ ఇవ్వకూడదు అన్నది ముందే ఒక కాగితం మీద రాసుకోండి. ఆ మూడో గడి బ్రౌనింగ్ జీవితంలో ఖాళీగానే ఉండిపోయిందని నాకనిపిస్తుంది. మనం చేసేవి తుపాకులు కావు. కానీ ముఖాలు గుర్తుపట్టే ప్రోగ్రాములు, మనుషుల మీద నిఘా పెట్టే యాప్‌లు మన ల్యాబుల్లోనే మినీ ప్రాజెక్టులుగా తయారవుతున్నాయి. ఆ గడిలో ఏం రాయాలో మన బ్యాచ్ అయినా మాట్లాడుకుంటే మంచిది.